పై మలుపులో జానెడు పట్టా

రూతు మా ఇంటికి ఆషాఢంలో వచ్చింది, ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకో చేత్తో మా మరిది చెయ్యి పట్టుకుని. వాన దంచేస్తోంది. మా మావయ్యగారు వరండాలో పడక్కుర్చీలోంచి లేవకుండానే ఇద్దర్నీ కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూశారు.

"పెళ్ళి చేసుకున్నావంట గణేష్‌బాబూ. సంతోషం. భోజనాలు మమ్మల్ని పెట్టమంటావా, వాళ్ళ చర్చి దగ్గరే కానిచ్చేశారా?" అన్నారు.

మా ఇంట్లో తిట్లు ఇలాగే ఉంటాయి. రావులపాలెంలో గొంతు చించుకుని తిట్టేవాళ్ళు తక్కువండి. నవ్వుతూ అంటారు, పైన ఒక ‘అండి’ కూడా తగిలిస్తారు, ఇంటికెళ్ళి పడుకున్నాక గానీ ఎక్కడ తగిలిందో తెలీదు. నేను అప్పటికి పదకొండేళ్ళుగా ఆ మాటల మధ్యే అన్నం వండుతున్నాను.

మావయ్యగారి పేరు గంగరాజు. చుట్టుపక్కల ఊళ్ళల్లో సెట్టింగుల గంగరాజంటే తెలియనివాళ్ళు లేరు. చవితి పందిళ్ళకీ, దసరాకీ, తీర్థాలకీ లైట్లు, కదిలే బొమ్మలు చేసేవారు. శివుడి నెత్తి మీంచి గంగ దూకుతుంది, ఏనుగు తొండంతో దండ వేస్తుంది, అలాంటివి. అత్తగారు నేను కాపరానికి రాకముందే పోయారు. పెద్దకొడుకు వెంకటరమణ నా మొగుడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పనిది ముట్టుకోడు. చిన్నవాడు గణేష్‌బాబు చేతిలో పనుంది, నోట్లో మాటుంది. నిడదవోలులో లైట్ల పనికని వెళ్ళి, అక్కడ రైల్వే కీమాన్ కూతుర్ని రిజిస్టరు పెళ్ళి చేసుకుని తెచ్చాడు. కీమాన్ అంటే రోజూ పట్టాల వెంట నడుస్తూ బోల్టులూ అవీ చూసే మనిషి. వాళ్ళ కులమేంటో, మతమేంటో మా వీధికి సాయంత్రంలోపే తెలిసిపోయింది.

"ఆడపిల్ల వానలో నిలబడకూడదు. మనది మర్యాద తెలిసిన ఇల్లు," అన్నారు మావయ్యగారు. "పెరట్లో షెడ్డు ఉంది కదా. అందులో ఉండండి."

షెడ్డంటే సెట్టింగుల సామాను పెట్టుకునే రేకుల షెడ్డు. అక్కడే మంచం వేసుకున్నారు. గుమ్మం దాటి ఇంట్లోకి మాత్రం ఆ పిల్ల రాకూడదు. భోజనానికి లోటు చేశామనుకునేరు, అబ్బే. రెండు పూటలా అరిటాకు కోసి, పప్పు, కూర, పచ్చడి, నెయ్యి అన్నీ వేసి, షెడ్డు మెట్టు మీద పెట్టేదాన్ని. కొసరి కొసరి వడ్డించేదాన్ని. పెట్టి, పక్కకొచ్చి, పంపు దగ్గర చేతులు కడుక్కునేదాన్ని. ఆ పిల్ల చూస్తుండగానే.

ఆ పిల్లకి అప్పుడు మూడో నెల. వారం తిరక్కుండానే నాతో కలిసిపోయింది. "అక్కా, నాకింకేం అక్కర్లేదు. పురుడు ఈ ఇంట్లో పోసుకోవాలి. బిడ్డని షెడ్డులో కనకూడదు," అంది ఒకరోజు. చెప్పొద్దూ, ఆ క్షణంలో జాలేసింది. అది రెండు వేల మూడు, పుష్కరాల ఏడు. రాజమండ్రి వెళ్ళే జనంతో రోడ్డంతా నిండిపోయి ఉండేది. మేం కూడా వెళ్ళి మునిగొచ్చాం. రూతుని షెడ్డుకి కాపలా పెట్టి వెళ్ళాం.

పుష్కరాలు అయిపోయిన మర్నాడే చంద్రరావుగారు వచ్చారు. ఆయన అరటిగెలల వ్యాపారి, మా పేట చవితి కమిటీకి ప్రెసిడెంటు. సరుకుతో కలకత్తా వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఆయన కాళ్ళు నేల మీద లేవు.

"గంగరాజుగారూ, ఈసారి శివుడూ గంగా వద్దండి. కలకత్తాలో భూమి కింద రైలెక్కానండి నేను. మెట్లు దిగితే పాతాళంలో స్టేషనండి, ఫ్యాన్లండి, జనమండి. అది కావాలి. రైలు పైన రోడ్డు మీద తిరగాలి, పాతాళంలోకి దిగాలి, అక్కడ స్టేషన్లో చిన్న వినాయకుడు కూర్చుని ఉంటాడు, దర్శనం చేసుకుని మళ్ళీ పైకి రావాలి."

"రైలుకి కూడా దర్శనం కావాలాండి?" అన్నారు మావయ్యగారు.

"కావాలండి. మండపేట వాళ్ళు కుళ్ళుకోవాలండి."

ఇంక చూడండి, వారం రోజులు షెడ్డులో సుత్తి ఆగలేదు. ఇరవై అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు బల్ల. దాని మీద రోడ్లు, బొమ్మ మేడలు. బల్ల కింద పాతాళం, ముందు అద్దం. గణేష్‌బాబు రేకుతో నాలుగు పెట్టెలు చేశాడు, ఒక్కొక్కటీ అడుగున్నర. ముందు పెట్టెలో కారు వైపర్ మోటారు పెట్టాడు, అదే ఇంజను. ఇనప పట్టీలతో పట్టాలు. పట్టాల్లోకి చిన్న కరెంటు, ముట్టుకుంటే చక్కిలిగిలి పెడుతుంది, అంతే.

దిగడం అద్భుతంగా దిగింది. ఎక్కడం దగ్గరే వచ్చింది చిక్కు. వాలు మీద రెండు జానలు వెళ్ళి, చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, రైలు కదల్లేదు. ఇంకో మోటారు పెట్టారు. కాలిపోయింది. కరెంటు పెంచారు. ఆ మోటారూ కాలిపోయింది.

"బాగుందిరా," అన్నారు మావయ్యగారు. "పాతాళంలోకి వెళ్ళినవాడు తిరిగి రాడని చూపిస్తున్నావు. చంద్రరావుగారికి వైరాగ్యం వస్తుంది."

అప్పుడు రూతు షెడ్డు మూలనుంచి మాట్లాడింది. మావయ్యగారి ముందు ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.

"వాలు ఎక్కువైందండి మావయ్యగారూ. మోటారు తప్పు కాదండి."

ఆయన ఆ పిల్ల వైపు తిరగలేదు. "ఎవరో ఏదో అన్నట్టున్నారు," అన్నారు నాతో.

"మా నాన్న నడిచే లైను పక్కన తెల్ల దిమ్మలుంటాయండి," అని రూతు ఆపకుండా చెప్పుకుపోయింది. "దిమ్మ మీద రెండొందలని ఉంటే, రెండొందల అడుగులు పోతే ఒక్క అడుగు ఎత్తు అనండి. అంత పెద్ద ఇంజను కూడా వందకి ఒకటి అంటే రొప్పుతుంది. మీరు అయిదడుగులకే అడుగు ఎక్కమంటున్నారు. అసలు స్టేషను అంత లోతెందుకండి? రైలు ఎత్తు అయిదంగుళాలు. పైన మూడంగుళాలు ఖాళీ ఉంటే చాలు. పదిహేనంగుళాల లోతు ఎనిమిదికి తగ్గించి, వాలుని ఈ పక్కంతా తీసుకెళ్ళి ఆ మూల మలుపు తిప్పితే ఇరవైకి ఒకటి వస్తుంది. ఎక్కుతుందండి."

చంద్రరావుగారు కూడా అక్కడే ఉన్నారు, పని చూసుకుందామని వచ్చి. మావయ్యగారు ఆయన వైపు తిరిగారు.

"విన్నారుగా. మీరే సాక్షి. చవితి రోజు పూజ కాగానే మొదటి తిరుగుడులో రైలు ఆ వాలు ఎక్కిందనుకోండి, ఈ పిల్ల మా గుమ్మం దాటి లోపలికొస్తుంది. ఎవరేమన్నా నాకనవసరం. మొదటి తిరుగుడులో ఆగిందా, వీళ్ళిద్దరూ పెట్టె సర్దుకుని వాళ్ళిష్టమొచ్చిన చోటికి పోతారు. నా కొడుకైనా సరే."

గణేష్‌బాబు ఏదో అనబోయాడు. రూతు వాడి చొక్కా పట్టుకుని లాగి, "అలాగేనండి," అంది.

ఆ తర్వాత పన్నెండు రోజులూ ఆ పిల్లే మేస్త్రీ. నేను పదకొండింటికోసారి, మూడింటికోసారి టీ తీసుకెళ్ళేదాన్ని. తీసుకెళ్ళి ఊరికే నిలబడలేక స్టూలు లాక్కుని కూర్చునేదాన్ని. నాకు లెక్కలంటే ఇష్టం ఉండేదండి. తొమ్మిదిలో బడి మానిపించేశారు గానీ, లెక్కల్లో నాకెప్పుడూ ఎనభైకి తగ్గలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. రూతు అడిగింది. అడిగి, మేస్త్రీల రసమట్టం నా చేతికిచ్చి, "బుడగ ఎక్కడుందో చెప్పండక్కా," అంది.

అన్నీ చెప్పింది నాకు. పట్టా కింద జానెడుకో చెక్క ముక్క పెట్టాలి, ఒకదాని కంటే ఒకటి కొంచెం ఎత్తు. వాలు మొదలయ్యే చోట, అయిపోయే చోట ఒక్కసారిగా విరగకూడదు. కింద నెమ్మదిగా ఎత్తాలి, పైన నెమ్మదిగా బల్లకి సమం చెయ్యాలి. లేదంటే ఇంజను ముందు చక్రాలు గాల్లోకి లేచిపోతాయి. బరువు వెనక పెట్టెల్లో కాదు, మోటారు తిప్పే చక్రాల మీద ఉండాలి. ఆ రెండు చక్రాలకీ సైకిల్ ట్యూబు కోసి ఉంగరాల్లా తొడిగింది, పట్టుకోసం. రోజూ పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో పట్టాలన్నీ తుడిచేది.

ఒక మధ్యాహ్నం వాలు పైన మలుపు దగ్గర వేలు పెట్టి చూపించింది. "ఇదిగో అక్కా, భయమంతా ఇక్కడే. ఇంజను ఈ మలుపులోకి వచ్చేసరికి వెనక మూడు పెట్టెలూ ఇంకా వాలు మీదే ఉంటాయి. వాలూ వెనక్కి లాగుతుంది, మలుపూ లాగుతుంది. ఈ జానెడు దాటితే ఇంక ఏం కాదు. ఇక్కడ మాత్రం చేతి జిడ్డు కూడా తగలకూడదు."

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్తే కంగారు పడి మళ్ళీ మొత్తం విప్పుతాడు. మావయ్యగారికి చెప్తే, అయితే భయం ఉందన్నమాట అంటారు. మీకొక్కరికే చెప్పాను."

చవితికి నాలుగు రోజుల ముందు రైలు ఎక్కింది. ఒకసారి కాదు, వరసగా ఇరవైసార్లు. గణేష్‌బాబు చిన్నపిల్లాడిలా గెంతాడు. నేను కూడా నవ్వాను, నిజంగానే నవ్వాను. మావయ్యగారు రెండు చేతులూ వెనక కట్టుకుని పది నిమిషాలు చూశారు. చూసి, నా మొగుడి భుజం మీద చెయ్యి వేశారు.

"చూశావంట్రా వెంకటరమణా. బుర్రంటే అదీ. ఇన్నాళ్ళూ మనింట్లో ఆడాళ్ళ పనితనం అంటే పప్పుచారే అనుకున్నాను. ఈ పిల్ల లోపలికొస్తే షెడ్డు తాళం దీని చేతిలోనే పెడతాను."

నేను అక్కడే ఉన్నాను, చేతిలో టీ గ్లాసుల పళ్ళెంతో. ఆయన నా పళ్ళెంలోంచే గ్లాసు తీసుకుని, తాగుతూ అన్నారు ఆ మాట. పదకొండేళ్ళు. ఆయన బట్టలు ఉతికాను, ఆయనకి టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు గంజి పోశాను, పందిళ్ళకి రంగు కాయితాలు కత్తిరించి కత్తిరించి నా బొటనవేలు గట్టిపడిపోయింది. ఒక్కనాడు, ఒక్క మాట, ‘బాగుంది అమ్మాయ్’ అన్న పాపాన పోలేదు. రెండు నెలల కింద వానలో వచ్చిన పిల్లకి తాళం ఇస్తారంట. రూతు నావైపు చూసి సంతోషంగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

చవితి పొద్దున పందిట్లో ఇసకేస్తే రాలనంత జనం. ఎదురుగా పెద్ద విగ్రహం, పక్కన మా బల్ల. అద్దంలోంచి పాతాళం స్టేషను కనిపిస్తోంది. ప్లాట్‌ఫారం మీద జానెడు మట్టి వినాయకుడు, ట్యూబ్‌లైటు కింద మెరిసిపోతున్నాడు. మావయ్యగారు రూతుని పందిరి తాడు బయటే నిలబడమన్నారు. "రైలు ఎక్కాక లోపలికి పిలుస్తాను," అన్నారు. ఆ పిల్ల నా పాత చీర కట్టుకుంది. నేనే ఇచ్చాను.

మా ఇంటి సెట్టింగులకి ఒక ఆనవాయితీ ఉంది. ఏది తిరిగినా, ఏది కదిలినా, మొదటిసారి స్విచ్చి వేసే ముందు ఇంటి కోడలు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ పసుపు నీళ్ళతో కలపరు, ఇనుముకి తుప్పు పడుతుందని. నువ్వులనూనెతో కలుపుతారు. మావయ్యగారి నాన్నగారి కాలం నుంచీ అంతే. ముందురోజు సాయంత్రం రూతు ఆ గిన్నె చూసి నా దగ్గరికొచ్చింది. "అక్కా, పెట్టెలకి రాయండి, బల్లకి రాయండి, ఎక్కడైనా రాయండి. పట్టాలకి మాత్రం వద్దు," అంది. "నాకు తెలీదా," అన్నాను నేను.

పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు. నేను పళ్ళెం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాను. ఇంజను నుదుటికి రాసి బొట్టు పెట్టాను. బల్ల నాలుగు మూలలకీ, స్విచ్చి పెట్టెకీ పెట్టాను. ఆ తర్వాత పై మలుపు దగ్గర వంగాను. రెండు పట్టాలకీ రాశాను, జానెడు మేర. అందరూ చూస్తున్నారు. ఇంటి పెద్దకోడలు పసుపు రాస్తోంది, అందులో చూడటానికి ఏముంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని నా మొగుడి పక్కన నిలబడ్డాను.

గణేష్‌బాబు స్విచ్చి వేశాడు. రైలు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగింది, పాతాళంలోకి దిగింది, వినాయకుడి ముందు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. చంద్రరావుగారు అందరి మొహాలూ చూసుకుంటున్నారు. మళ్ళీ కదిలింది. వాలు ఎక్కడం మొదలుపెట్టింది, సగం, ముప్పావు. ఇంజను మలుపులోకి వచ్చింది.

చక్రాలు తిరిగాయి, రైలు నిలబడింది. తర్వాత వెనక్కి జారింది. మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా. ఆఖరి పెట్టె కింద పట్టా తప్పి ప్లాట్‌ఫారం మీదకి ఎగిరి వినాయకుడికి తగిలింది. విగ్రహం పక్కకి ఒరిగింది. తొండం విరిగి పట్టాల మధ్యన పడింది.

పందిట్లో మైకు ఒక్కటే మోగుతోంది. ఎవరో దాన్ని ఆపారు. "అపచారం," అన్నారు చంద్రరావుగారు, మెల్లిగానే. అది వెనక వరసల్లోకి పాకింది. ఎవరి చెయ్యి పడితే ఇలా అయిందో ఎవరూ పైకి అనలేదు. అందరూ తాడు బయటికి చూశారు.

రూతు తాడు కింద నుంచి దూరి వచ్చేసింది. ఎవరి వైపూ చూడకుండా సరాసరి పై మలుపు దగ్గరికి వెళ్ళింది. పట్టా మీద వేలు రాసి, వాసన చూసింది.

"నూనె అండి," అంది. "పట్టాలకి నూనె రాశారండి మావయ్యగారూ."

మావయ్యగారు నావైపు తిరిగారు. "రాశావా అమ్మాయ్?"

"ఆనవాయితీయే కదండీ," అన్నాను. "పట్టాలకి రాయొద్దని నాకెవరూ చెప్పలేదే."

రూతు నన్ను చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం లేదు. నేనేం చెప్పానో అర్థం కానట్టు చూసింది, అంతే. గణేష్‌బాబు గుడ్డ తెచ్చి గబగబా పట్టాలూ చక్రాలూ తుడిచాడు, పెట్టె ఎత్తి పట్టాల మీద పెట్టాడు, స్విచ్చి వేశాడు. రైలు ఆ వాలు ఎక్కి, మలుపు తిరిగి, రోడ్డు మీదకి వచ్చేసింది. "చూడండి నాన్నా. ఎక్కింది. ఎక్కింది కదా," అన్నాడు.

"ఎక్కిందిరా. రెండోసారి," అన్నారు మావయ్యగారు. "మూడు తరాల నుంచి మా ఇంట్లో ప్రతి యంత్రానికీ పసుపు రాస్తున్నాం. ఏదీ జారలేదు. మా పసుపు పడని రైలు మాకెందుకు."

ఆయన నవ్వుతూనే అన్నారు. చంద్రరావుగారు తలూపారు. నా మొగుడు నా చేతి వేళ్ళ వైపు చూశాడు, తర్వాత నేల చూపులు చూశాడు. ఇప్పటిదాకా ఆ సంగతి నన్ను అడగలేదు.

విగ్రహాన్ని మార్చారు, శాంతి చేయించారు. ఒప్పుకున్న పని కాబట్టి తొమ్మిది రోజులూ రైలు నడిపి వెళ్తామంది రూతు. పందిరి వెనక గుడ్డ చాటున కూర్చుని నడిపింది, జనానికి కనపడకుండా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందలసార్లు ఎక్కింది ఆ రైలు. ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్తపేట నుంచి, ఆత్రేయపురం నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి చూశారు. "గంగరాజుగారు గంగరాజుగారేనండి," అన్నారు. మావయ్యగారు దణ్ణాలు తీసుకున్నారు.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం యానాం బస్సుకి బయల్దేరారు. అక్కడ రూతు పిన్ని ఉందంట. మావయ్యగారు వరండాలోంచి, "యానాం మంచిదేరా, ప్రతి బ్రాందీ షాపుకీ లైట్లు కావాలి," అన్నారు. గణేష్‌బాబు వెనక్కి తిరగలేదు. రూతు మాత్రం పెరటి వైపు వచ్చింది. నేను పంపు దగ్గర గిన్నెలు తోముతున్నాను. అప్పటికి దానికి కడుపు కనిపిస్తోంది.

"అక్కా, ఒక్క మాట చెప్పి వెళ్తాను," అంది. "వేరే ఎక్కడ రాసినా ఎక్కేసేది. ఒక పెట్టె పొడుగంత జారినా తట్టుకుని ఎక్కేది. ఆ జానెడు మేర తప్ప. అది మీకొక్కరికే తెలుసు."

లేచి చేతులు తుడుచుకుని, వసారాలో వేలాడుతున్న గెలలోంచి మంచి పళ్ళున్న అత్తం ఒకటి కోసి, "బస్సులో తినండి, దారిలో ఏం దొరకవు," అని ఇచ్చాను. తీసుకుంది. "వస్తానక్కా," అని వెళ్ళిపోయింది. పురుడు ఎక్కడ పోసుకుందో, ఏ బిడ్డో, మాకు ఎవరూ చెప్పలేదు. మేం అడగలేదు.

వారం తిరక్కుండా మండపేట కమిటీ వాళ్ళు వచ్చారు. దసరాకి అదే రైలు కావాలన్నారు. మావయ్యగారు ఒప్పేసుకున్నారు. పందిట్లోంచి విప్పి తెచ్చినప్పుడు చెక్క ముక్కలన్నీ ఒకే గోనెసంచిలో పోసేశారు. ఏది ముందో ఏది వెనకో తెలీదు. నా మొగుడూ, మావయ్యగారూ వారం రోజులు షెడ్డులో కూర్చుని పేర్చారు. వాలు తిన్నగా వెళ్ళి పైన బల్లకి తగిలే చోట మోచెయ్యిలా విరిగింది. రైలు అక్కడిదాకా వస్తుంది, ఇంజను ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, ఆగిపోతుంది. మోటారు మార్చారు. ఇంకా బరువు వేశారు, వెనక పెట్టెల్లో. ఒక మోటారు కాలిపోయింది.

మూడింటికి టీ తీసుకెళ్ళాను. మావయ్యగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో చెక్క ముక్క. మొహం పాలిపోయి ఉంది. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పిల్ల చెయ్యి పడితేనే నడిచేదిరా ఇది," అన్నారు నా మొగుడితో. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు దాని పక్కనే కూర్చునేదానివి కదా అమ్మాయ్. ఏం చేసేదో ఏమైనా చూశావా?"

చూశాను. పైనుంచి నాలుగు ముక్కలు తీసి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం చెక్కి, చివరిది బల్లకి సమం చేస్తే చాలు. బరువు ముందుకి మార్చాలి. గంట పని. రసమట్టం అక్కడే కిటికీలో ఉంది. చేసి చూపిస్తే, పదకొండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట ఆ నోట్లోంచి ఆ సాయంత్రమే వచ్చేది. కానీ ఆ పిల్ల నాకు అన్నీ నేర్పిందని తెలిసిపోతుంది. నేర్పిందని తెలిస్తే, పట్టాలకి రాయొద్దని నాకెవరూ చెప్పలేదన్న మాట ఎవరు నమ్ముతారు? నా మొగుడు చెక్క పేరుస్తున్నవాడల్లా చెయ్యి ఆపి, తలెత్తకుండా వింటున్నాడు.

"నేను టీ ఇచ్చి వచ్చేసేదాన్నండి మావయ్యగారూ," అన్నాను. "నాకేం తెలుసు."

ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు.

"అవునులే," అన్నారు. "నీకెక్కడ తెలుస్తుంది."